పైకెత్తితే ఆరిపోయే టార్చి

మా సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మాస్టారూ, సర్వీసంతా చూసుకుంటే మీరు పట్టిన పెద్ద ఫాల్టు ఏది?" అని అడుగుతారు. పట్టినవి చాలానే ఉన్నాయి. చెప్పుకోవడం నాకూ సరదానే. మా ఆవిడ మాత్రం "మొదలెట్టీసినారా?" అని లోపలికి వెళ్లిపోతుంది. కానీ మీరు నిజంగా పని నేర్చుకోవాలనుకుంటే నేను పట్టినవి మీకు అంతగా పనికిరావు. నేను పట్టలేకపోయినది ఒకటి ఉంది. మూడు వారాలపాటు నా బల్ల మీదే, నా చేతిలోనే ఉండి కూడా నాకు కనబడలేదు. దాన్ని పట్టుకున్న మనిషి ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అదే రాస్తాను.

ఏ డిపో అన్నది చెప్పను, పేర్లూ రాయను. ఖరగ్‌పూర్‌లో రైలు పెట్టెలను కడిగి, పరీక్షించి, మళ్లీ ప్రయాణానికి పంపే ఒక చోటు అనుకోండి చాలు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నేను ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో పుట్టి, పూరీ గేట్ మీదుగా సైకిలు తొక్కుతూ ముప్పై ఆరేళ్లు డ్యూటీ చేశాను. రెండు సైకిళ్లు అరిగిపోయాయి, మోకాళ్లు మూడోది.

నా అసలు పని పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు ఆడించే బ్యాటరీలు చూడటం. సీసం బ్యాటరీలు. పెట్టె కింద పక్కవాటున వేలాడే డబ్బాల్లో ఉంటాయి. ఒక్కో సెల్లును ఇద్దరు మోయాలి. చేరిన మొదటి రోజే మా గురువుగారు నా చెవి మెలిపెట్టి మరీ ఒక పాఠం చెప్పారు. "సెల్లుని ఒంచకు. సచ్చినా ఒంచకు. నిటారుగా ఎత్తాల, నిటారుగా దించాల. ఒంచినావంటే ఆసిడ్ నీ కాళ్ల మీద పడతాది, నా ఉజ్జోగం పోతాది." నేను ఒంచలేదు. సర్వీసు మొత్తంలో ఒక్క సెల్లు కూడా ఒంచలేదు. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తెమ్మన్నా రెండు చేతులతో నిటారుగా తెస్తానని ఇంట్లో వేళాకోళం. అది నాకు అలవాటు అని కూడా తెలియనంత అలవాటైపోయింది.

సర్వీసు చివర్లో, మోకాళ్లు ఇక మొరాయిస్తున్నాయని నన్ను టార్చీలు బాగుచేసే బెంచీకి మార్చారు. మార్చినప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఏనుగుల్ని కట్టేసినవాణ్ణి తెచ్చి కోడిపిల్లల్ని కాయమన్నట్టుంది. ఆ కోపంతోనే వెళ్లి ఆ బల్ల ముందు కూర్చున్నాను.

మొదటి రోజే కోపం పోయింది. పాత టార్చీలు పోయి, ఛార్జింగ్ చేసుకునే లిథియం సెల్లు టార్చీలు అప్పుడే వచ్చాయి. ఒక సెల్లు తీసి అరచేతిలో పెట్టుకున్నాను. చూపుడు వేలంత ఉంది. మీటరు పెట్టాను. మేం ఇద్దరం కలిసి మోసే సీసం సెల్లు ఇచ్చేది రెండు వోల్టులు. ఇది నాలుగుకి దగ్గరగా చూపిస్తోంది. మీటరు చెడిందనుకుని ఇంకోటి తెచ్చి పెట్టాను. అదే లెక్క. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదేనని, ఆ పూట దాన్ని పదిసార్లు చేతిలోకి తీసుకుని చూశాను. నా బెంచి జోడీదారు ఒకాయన ఉండేవాడు, బాలాసోర్ వైపు ఒడియా ఆయన. "దాదా, బెల్లం ముక్కలాగ చూస్తున్నారు, నోట్లో వేసుకోకండి" అన్నాడు.

ఆ సెల్లుతో ఎలా మెలగాలో మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, అయినా రెండు ముక్కలు. ఒంటి మీది ప్లాస్టిక్ తొక్క చిరిగినా, ఉబ్బినా, దెబ్బ తిని సొట్ట పడినా దాన్ని బతికించే ప్రయత్నం చెయ్యొద్దు. తీసి ఇసుక బకెట్లో పెట్టండి. ఛార్జి అడుగంటా దిగిపోయి పడి ఉన్నదాన్ని ఇంకో సెల్లు తగిలించి లేపుదామని చూడొద్దు. సీసం బ్యాటరీ దగ్గర చెల్లే మొరటు వైద్యం దీని దగ్గర చెల్లదు, కోపమొస్తే కాలుతుంది. మిగిలిన జబ్బులు చిన్నవే. ముప్పాతిక వంతు టార్చీలకు కొనల్లో పట్టిన మకిలి తుడిస్తే ప్రాణం వచ్చేది.

రెండేళ్లు గడిచేసరికి మొదటి విడత సెల్లులు అలిసిపోయాయి. స్టోరు నుంచి కొత్త రకం నమూనాలు పంపి, పరీక్షించి చెప్పమన్నారు. వారం రోజులు వాటితోనే గడిపాను. వోల్టులు చూశాను, వెలిగించి వదిలి ఎంతసేపు నిలుస్తాయో చూశాను, వేడెక్కుతాయేమో చేత్తో పట్టి చూశాను. పాతవాటికన్నా అన్నిటిలోనూ మెరుగు. "తగినవి" అని రాసి గర్వంగా సంతకం పెట్టాను. కొత్త సెల్లులు వచ్చాయి. టార్చీల్లో వేసి పిట్ లైను వాళ్లకు పంచాం.

పిట్ అంటే పట్టాల మధ్య మనిషి లోతున తవ్విన సిమెంటు గొయ్యి. పైన రైలు ఆగుతుంది. పరీక్షించేవాళ్లు గోతిలో నడుస్తూ నెత్తిమీదున్న చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు ఒక్కొక్కటే చూస్తారు. బయట పదిగంటల ఎండ మండుతున్నా ఆ ఇనుము సందుల్లో చీకటే. గోడలకు లైట్లున్నా వాటి వెలుగు సందుల్లోకి పోదు. అందుకే ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో టార్చి. అంతా చూశాక రిజిస్టరులో పెట్టె నంబరు ఎదురుగా "చూశాను" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే రైలు కదులుతుంది.

ఆ పిట్‌లో ఒకే ఒక ఆడమనిషి ఉండేది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. టెక్కలి వైపు పల్లె నుంచి కోడలిగా మా ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు వచ్చింది. భర్త ఇదే డిపోలో పనిచేస్తూ జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆఫీసులో కూర్చునే పని ఇస్తామంటే వద్దని, ఆయన చేసిన పనే కావాలని అడిగి మరీ పిట్‌లోకి దిగిందట. సన్నటి మనిషి. మాట తక్కువ. నన్ను బాబాయ్ అని పిలిచేది.

కొత్త సెల్లులు వేసిన వారానికి ఆమె నా బల్ల దగ్గరకు వచ్చింది.

"బాబాయ్, ఈ టార్చి పైకెత్తితే ఆరిపోతంది."

తీసుకున్నాను. స్విచ్చి వేశాను. భగ్గున వెలిగింది. సెల్లు తీసి మీటరు పెట్టాను, నిండుగా ఉంది. బల్ల మీద పెట్టి వెలిగించి పది నిమిషాలు వదిలాను. రెప్ప కూడా కొట్టలేదు.

"ఏటమ్మా, బాగానే ఉంది గదా?"

"ఇక్కడ బాగానే ఎలుగుతాది బాబాయ్. కింద పైకెత్తి సూస్తే ఆరిపోతంది."

"టార్చికి పైకేటి, కిందకేటి? అదేటైనా నీళ్ల బిందా, ఒంచితే ఒలికిపోడానికి?" అన్నాను. జోడీదారు నవ్వాడు. చీటీ మీద "ఫిట్" అని రాసి, సంతకం పెట్టి, టార్చి తిరిగి ఇచ్చేశాను.

ఆ మాట అన్నవాణ్ణి, టార్చిని అప్పుడు కూడా రెండు చేతులతో బల్లకు సమానంగా పట్టుకునే ఉన్నాను.

ఆ రోజు ఆమె పక్కవాళ్ల టార్చి అడిగి చూడగలిగిన పెట్టెలకు సంతకం పెట్టి, అది దొరకని ఒక పెట్టె ఎదురుగా మాత్రం రిజిస్టరులో సంతకం పెట్టలేదు. కూడబలుక్కుంటూ హిందీ అక్షరాల్లో రెండు మాటలు రాసింది. "నహీ దేఖా." చూడలేదు అని. పిట్ సూపర్‌వైజరు బెంగాలీ ఆయన, పని తెలిసిన మనిషే, గడియారం చూస్తే మాత్రం మనిషి మారిపోతాడు. ఆ మాట చదివి నెత్తి పట్టుకున్నాడు. ఇంకో ఫిట్టరును కిందికి దింపాడు. అతను అయిదు నిమిషాల్లో పైకొచ్చి "ఠీక్ హై" అని సంతకం పెట్టాడు. రైలు ఆలస్యంగా వెళ్లింది.

మరుసటి వారం ఇంకోసారి. మళ్లీ టార్చి తెచ్చింది, మళ్లీ "ఫిట్" అని రాశాను. మళ్లీ "నహీ దేఖా" పడింది, మళ్లీ ఆ ఫిట్టరు దిగి అయిదు నిమిషాల్లో వచ్చాడు.

మూడోసారి వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. అప్పటికి డిపోలో అందరి నోటా అదే మాట. "ఆవిడకు గొయ్యంటే భయం. టార్చి మీద పెట్టి తప్పించుకుంటోంది." నేనూ నమ్మేశాను. సెల్లులు ఎంపిక చేసినవాణ్ణి నేను. వాటికి వంక పెడితే నాకు పెట్టినట్టే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న రకం మనిషిని. నలుగురి ముందూ అనేశాను. "సీకటంటే బయ్యమైతే అలాగని సెప్పుకోమ్మా, ఆపీసులో పైళ్లు మోసుకోవచ్చు. నా సెల్లుల మీద నింద ఎయ్యకు."

ఆమె నా కళ్లలోకి ఒకసారి చూసి, చీటీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నాకు సిగ్గుగానే ఉంది. రాసేస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను, తగ్గడం లేదు.

మూడు "నహీ దేఖా"లు పడ్డాక సూపర్‌వైజరు ఆమె మీద రిపోర్టు తయారు చేశాడు. కింది పరీక్ష పనికి తగదు, టార్చి బాగున్నా బాగాలేదని అబద్ధం చెబుతోంది, పిట్ నుంచి తీసెయ్యాలి, అని. రుజువుగా నా మూడు చీటీలు జతచేశాడు. ఆమె ఇంకా పరీక్షాకాలంలోనే ఉంది. అప్పుడు ఆ మాట ఫైల్లోకి ఎక్కితే సర్వీసు చివరిదాకా ఆమెతోపాటు నడుస్తుంది. పిట్ పోతుంది. పైగా, ఆమె మాటను ఇక ఎవరూ నమ్మరు.

మా ఆఫీసరు కుర్రాడే కానీ తొందరపడే రకం కాదు. కాగితం మీద సంతకం పెట్టేముందు ఒకసారి అందరినీ పిట్ దగ్గర కలిసి చూద్దామన్నాడు. ఉదయం పదిగంటలకు నన్ను కూడా టార్చితో రమ్మన్నారు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను, సాక్ష్యం చెప్పడానికి వెళ్తున్నవాడిలాగే.

పైన రేక్, అంటే ఒక రైలు పెట్టెల వరస, నిలబడి ఉంది. గట్టు మీద ఒక బల్ల వేశారు. దాని మీద ఆమె టార్చి పెట్టి వెలిగించాను. వెలిగింది. సెల్లు తీసి మీటరు చూపించాను. అంకె చక్కగా ఉంది. సూపర్‌వైజరు ఆఫీసరు వైపు తిరిగి, "దేఖియే సర్, టార్చ్ ఏక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు. ఆమె సుత్తి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఏమైనా చెప్పుకోవాలా అని ఆఫీసరు అడిగాడు.

ఆమె ఆయనకు కాదు, నాకే చెప్పింది. "బాబాయ్, బల్ల మీద కాదు. ఒక్కసారి కిందకి రండి."

"నా మోకాళ్లు..." అని ఏదో నసిగాను. ఆఫీసరుకు తెలుగు రాదు, కానీ ఆమె చెయ్యి ఎటు చూపిస్తోందో అర్థమైంది. "జాయియే దాదా" అన్నాడు, వెళ్లమని.

ఇనుప నిచ్చెన పట్టుకుని దిగాను. ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. అన్నేళ్ల సర్వీసులో నేను పిట్‌లోకి దిగడం అదే మొదలు. బ్యాటరీ డబ్బాలు పెట్టెకు పక్కన ఉంటాయి, గట్టు మీద నిలబడే పని అయిపోతుంది. దిగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తల ఎత్తాను. నా నెత్తికి జానెడు ఎత్తున టన్నుల కొద్దీ ఇనుము వేలాడుతోంది. చక్రాలు, ఇరుసులు, నా తొడంత లావు స్ప్రింగులు, వాటి మధ్య పైపులు, పిన్నులు, గొలుసులు. గ్రీజు, తుప్పు, తడి కలిసిన వాసన. ఎక్కడో నీటి బొట్టు పడుతున్న చప్పుడు. రైలు పక్కనే బతికినవాణ్ణి, దాని పొట్ట ఏనాడూ చూడలేదు. ప్రతి ఉదయం ఈ సన్నటి మనిషి ఒక్కతే దీని కింద నడుస్తూ, ఇందులో వెంట్రుకంత పగులు ఉందేమో వెతుకుతోందా అనుకున్నాను. చేతులు జోడించాలనిపించింది, ఇనుముకో ఆమెకో నాకే తెలియలేదు.

"ఇలా పట్టుకోండి," అంది. నా చేతిలో టార్చి పెట్టి, నా మణికట్టు పట్టుకుని, తిన్నగా పైకి లేపింది. చక్రం పైనున్న స్ప్రింగు వైపు.

టార్చి ఆరిపోయింది.

దించాను, వెలిగింది. ఎత్తాను, ఆరిపోయింది. మళ్లీ దించాను. చిన్నపిల్లాడిలా నాలుగైదు సార్లు అదే చేశాను. పైనుంచి సూపర్‌వైజరు "క్యా హువా దాదా?" అంటున్నాడు, ఏమైందని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

అక్కడే, ఆ గోతిలోనే టార్చి మూత తిప్పి సెల్లు తీశాను. జేబులో పాత రకం సెల్లు ఒకటి ఉంది. రెండూ పక్కపక్కన అరచేతిలో నిలబెట్టాను. కొత్తది పొట్టిది. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతో, అంత. పాతదాని అడుగున రక్షణ కోసం ఒక చిన్న బిళ్ల ఉండేది. కొత్తదానికి అది లేదు, టార్చిలోనే ఆ ఏర్పాటు ఉంది కాబట్టి అవసరమూ లేదు. కానీ ఆ మందం మేరకు సెల్లు తగ్గింది. టార్చి తోకలో ఉన్న స్ప్రింగు దాన్ని ముందుకు తోసి పట్టుకోవాలి. స్ప్రింగులు రెండేళ్ల వాడకానికి అప్పటికే మెత్తబడి ఉన్నాయి. టార్చి సమానంగా ఉంటే తోసేంత బలం ఉంది. పైకెత్తగానే సెల్లు తన బరువుతో స్ప్రింగు మీద కూర్చుంటుంది, ముందు కొన తగలడం మానేస్తుంది. అంతే సంగతి. వోల్టులు చూశాను, వేడి చూశాను, కాలం చూశాను. పొడవు చూడలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ టార్చిని వాడేవాళ్లు ఎలా పట్టుకుంటారో అలా ఒక్కసారి కూడా పట్టుకోలేదు. సెల్లున్న వస్తువును ఒంచకూడదని నా చేతులకు ఎప్పుడో పాఠం అయిపోయింది.

"నాను మొదటి రోజే సెప్పినాను గదా బాబాయ్," అంది ఆమె. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఆ సెల్లులు ఆమె ఒక్కదాని టార్చిలోనే వేయలేదు. పైకి కేకేసి, పిట్‌లో పనిచేసేవాళ్ల టార్చీలన్నీ దింపమన్నాను. ఆమెదానితో కలిపి తొమ్మిది అయ్యాయి. ఒక్కొక్కటే వెలిగించి పైకెత్తాను. ఒకటి ఆరింది. రెండోది ఆరింది. మూడోది వెలిగింది, దానిలో పాత సెల్లు ఉంది. నాలుగోది ఆరింది. ఒక టార్చి ఆరకపోతే మూత తీశాను, కొత్త సెల్లే, లోపల సిగరెట్టు పెట్టె వెండి కాగితం మడతపెట్టి కుక్కి ఉంది. దాని యజమానికి జబ్బు తెలుసన్నమాట, వైద్యం కూడా సొంతంగా చేసుకున్నాడు. మీరెవరూ అలా చెయ్యకండి, ఆ కాగితం జారి పక్కకు తగిలితే సెల్లు నిప్పవుతుంది. మొత్తం తొమ్మిదిలో ఆరు ఆరిపోయాయి.

ఆరోది ఆరాక ఆఫీసరు రిజిస్టరు తెప్పించుకున్నాడు. మూడు వారాల పేజీలు తిప్పాడు. ఎవరి ముఖమూ చూడకుండా హిందీలో అడిగాడు. ఆరుగురి చేతుల్లో టార్చి ఆరిపోతోంది. "నహీ దేఖా" అని మూడుసార్లు ఒక్కరే రాశారు. మిగిలిన అయిదుగురూ ప్రతి పెట్టెకీ "చూశాను" అని ఎలా సంతకం పెట్టారు?

ఆమె వదిలేసిన పెట్టెల్ని అయిదు నిమిషాల్లో చూసి వచ్చిన ఫిట్టరు తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాడు. సుత్తి చప్పుడుతో పగులు చెప్పగలడని పేరున్నవాడు. చివరికి అతనే నోరు విప్పాడు. "ఆదత్ హో గయా, సర్." అలవాటైపోయింది. చేత్తో తడుముతాం, అంతా బాగానే ఉంటుంది, సంతకం పెట్టేస్తాం.

అతన్ని తప్పుపట్టే మొహం నాకు లేదు. నా "ఫిట్" మాత్రం ఏమిటి? కానీ ఆ గోతిలో నిలబడి ఆమె వైపు చూస్తుంటే నాకు కలిగింది ఒట్టి ఆశ్చర్యం కాదు. ఒక రకమైన భయభక్తి. కొత్త ఉద్యోగం, పరీక్షాకాలం, పక్కన అందరూ కళ్లుమూసుకుని సంతకాలు పెడుతున్నారు, రైలు ఆలస్యమైతే అందరూ తిట్టేది తననే. అయినా మూడుసార్లు, వంకర అక్షరాలతో, చూడలేదని రాసింది.

ఉండబట్టలేక అడిగేశాను. "అందరిలాగ సంతకం పెట్టీసుంటే నీకీ గొడవే లేదు గదమ్మా, ఎందుకు పెట్టలేదు?"

ఆమె నా ప్రశ్నే అర్థం కానట్టు చూసింది. "సూడకుండా సూసినానని ఎలా రాస్తాను బాబాయ్? పైన జనం కూకుంటారు గదా."

ఆఫీసరు ఆ రేక్‌ను ఆపేయించాడు. పాత సెల్లున్న రెండు టార్చీలతో మొదటి పెట్టె నుంచి మళ్లీ చూడమన్నాడు. ఆమె ఒకటి తీసుకుని ముందు నడిచింది. గడియారం చూడని సూపర్‌వైజరును నేను ఆ రోజే చూశాను. ఆ తరువాతి రోజుల్లో వచ్చిన ప్రతి రేక్‌నూ అలాగే తిరగేశారు. వదులైన బోల్టులు, అరిగిపోయిన బ్రేకు పిన్ను ఒకటి దొరికాయి. అంతకన్నా పెద్దది ఏదీ దొరకలేదు. అది మా గొప్పతనం అని ఎవరైనా అంటే నమ్మకండి. మమ్మల్ని ఆ ఇనుమే క్షమించింది.

వెళ్లేముందు ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. గోతిలో అందరూ చూశారు, నిజమే. కానీ ఫైల్లో ఉన్నది మీ మూడు సంతకాలు దాదా, అవి అలాగే ఉంటే కాగితం ప్రకారం ఆమె అబద్ధమాడినట్టే, అన్నాడు. రేపు తను బదిలీ అయి వెళ్లిపోతే తరువాత వచ్చేవాడు కాగితమే చదువుతాడని కూడా అన్నాడు. మూడు చీటీలూ నా చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం బల్ల దగ్గర వాటిని ముందేసుకుని కూర్చున్నాను. రిటైర్మెంటుకు అయిదు నెలలుంది. మచ్చలేని సర్వీసు అని వీడ్కోలు రోజున అనిపించుకోవాలని లోలోపల చాలా ఆశ ఉండేది, దాచుకోవడం ఎందుకు. నా జోడీదారు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. "దాదా, ఆ రోజుల్లో స్ప్రింగు బాగానే ఉండింది, ఇప్పుడే మెత్తబడింది అని రాసెయ్యండి. ఆవిడా బతుకుతుంది, మీరూ బతుకుతారు. ఎవరు కొలవొచ్చారు?"

నిజంగా ఎవరూ కొలవలేరు. కలం మూత తీసి పెట్టాను, తీసి పెట్టాను. ఆ మాట రాయడం ఎంత తేలికో మీకు చెప్పలేను. ఒక్క వాక్యం. మూడు వారాల క్రితం స్ప్రింగు ఎలా ఉందో చెప్పగలిగినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే.

అంతలో ఆమె వచ్చింది. రేక్ పూర్తయినట్టుంది, మోచేతుల దాకా గ్రీజు. టార్చి బల్ల మీద పెట్టి, కొత్త స్ప్రింగు వేయమంది. చీటీల వైపు చూసింది. నేను టార్చి తోక విప్పి, స్ప్రింగు మార్చి, పొడుగు సెల్లు వేసి, ఆమె ముందే దాన్ని కప్పు వైపు ఎత్తి పట్టుకున్నాను. వెలుగు నిలబడింది. బాగా ఊపి కూడా చూశాను.

తరువాత కలం తీశాను. మొదటి చీటీ మీద "ఫిట్" కొట్టేసి, కింద ఫైలు కోసం హిందీలో, పక్కనే తెలుగులో రాశాను. "ఈ టార్చిని నేను సరిగా పరీక్షించలేదు. ఆమె చెప్పింది నిజం. ఎంపిక చేసిన సెల్లు పొట్టిది, తప్పు నాది." రెండోదాని మీద అదే, మూడోదాని మీద అదే. సంతకాలు పెట్టాను. పక్కన జోడీదారు నిట్టూర్చి మొహం తిప్పుకున్నాడు.

ఆమెకు తెలుగు చదవడం బాగా వచ్చు. చేతులు గుడ్డకు తుడుచుకుని, చీటీలు ఒక్కొక్కటే తీసి పూర్తిగా చదివింది. ఏదో ఒక మంచిమాట అంటుందని ఎదురుచూశాను. మనిషిని కదా.

"తేదీ ఎయ్యలేదు బాబాయ్," అంది.

కలం మళ్లీ అందుకున్నాను. చీటీల మీద పైన పాత తేదీలు ఉన్నాయి. నా చూపు అటు పోవడం ఆమె గమనించింది.

"అవి కాదు. ఇవాల్టిది ఎయ్యండి."

వేశాను.